డోర్నకల్ గుడి, పెద్దమ్మ కాగితాలు

శుక్రవారం, కాజీపేట

హైదరాబాద్ నుంచి వరంగల్ బస్సులో వస్తుంటే కాజీపేట ఇంకా రాకముందే, కరుణాపురం దగ్గర పెద్ద గుమ్మటం కనబడుతుంది. 2023లో తెరిచిన ప్రార్థనా మందిరం అది. వేల మంది ఒకేసారి కూర్చోవచ్చు. బస్సులో ఎవరో ఒకరు దాన్ని చూపించి "ఏషియాలనే పెద్దదట" అనకుండా ఆ చోటు దాటదు. పెద్ద కట్టడాల మీద నాకంత మోజు లేదు గాని, నేనూ మెడ తిప్పి చూశాను.

దిగేసరికి చీకటి పడింది. పెద్దమ్మ ఆటో పెట్టుకుని వచ్చి నిలబడి ఉంది. వారం కింద ఫోన్ చేసి, "సెలవు పెట్టుకుని రా బిడ్డా. డోర్నకల్ గుడి చూద్దాం, కోత పండుగకు ఊరికి పోదాం, సోమవారం నాకో పనున్నది" అంది. ఆ పనేమిటో చెప్పలేదు. ఆమె ముందుగా చెప్పే మనిషి కాదు. ఏఎన్ఎంగా చేసి రిటైరైంది కదా, సూది పొడిచేదాకా పిల్లలకు కబుర్లు చెప్పే అలవాటు ఇంకా పోలేదు.

దారిలో ఫాతిమానగర్ చర్చి ముందు ఆటో ఆపించింది. మేం సీఎస్ఐ వాళ్ళం, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టెంట్ సంఘం. ఇది కేథలిక్ గుడి, 1952లో ఏర్పడిన వరంగల్ మేత్రాసనానికి, అంటే ఇక్కడి బిషప్ కింది ప్రాంతానికి, పెద్ద గుడి. అయినా ఆ పక్కగా పోతే ఆమె ఒక్క నిమిషం ఆగకుండా పోదు. "ఫాతిమా మాత కనబడ్డది ఎవరికో తెలుసు గదా, గొర్లు గాసే పిల్లలకు" అంది. నిజమే. 1917లో పోర్చుగల్‌లోని ఆ ఊళ్ళో మరియమ్మను చూశామని చెప్పినవాళ్ళు లూసియా, ఫ్రాన్సిస్కో, జసింత అనే ముగ్గురు చిన్నపిల్లలు. ఆ ఊరి పేరు ఇక్కడ కాజీపేటలో ఒక పేటకు స్థిరపడిపోయింది. ఆటో మీటర్ గురించి డ్రైవర్ సణుగుతుంటే కదిలాం.

శనివారం, డోర్నకల్

పొద్దున్నే బండి. కిటికీ పక్క సీటు పెద్దమ్మదే, అందులో చర్చ లేదు. వరంగల్ దాటాక చింతలపల్లి, నెక్కొండ, కేసముద్రం... రెండు పక్కలా కోసిన వరి మళ్ళు, అక్కడక్కడా తెల్లగా పత్తి చేలు. రోడ్డు కనబడ్డ చోటల్లా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి.

ఇంటికన్నె దాటాక సంచిలోంచి ప్లాస్టిక్ కవర్ తీసి నా ఒళ్ళో పెట్టింది. లోపల పాత కోర్టు కాగితం, ఇంటి పత్రాలు. "సోమవారం పని ఇదే. ఇల్లు చెల్లె పేర రాస్తున్న."

చెల్లె పెద్దమ్మ కన్న పిల్ల కాదు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, చెల్లెకూ తెలుసు. తొంభైల్లో పెద్దమ్మ పనిచేసే ఆస్పత్రిలో ఒకామె కాన్పులో పోయింది. తండ్రి రెండు రోజులు వరండాలో కూర్చుని, మూడో రోజు కనబడకుండా పోయాడు. పెద్దమ్మకు పిల్లల్లేరు. వెతికి వెతికి, తిరిగి తిరిగి, చివరికి కోర్టుకు పోయింది. ఆ కోర్టు ఇచ్చిన కాగితంలో ఆమె ఆ పిల్లకు తల్లి అని లేదు. గార్డియన్ అని ఉంది.

కారణం చట్టమే. 1956 నాటి హిందూ దత్తత చట్టం క్రైస్తవులకు వర్తించదు. ముస్లింలకు, పార్సీలకు కూడా వర్తించదు. వాళ్ళు పిల్లను తెచ్చుకుంటే 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా మాత్రమే ఉండాలి. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండితే ఆ బంధం కాగితం మీద తీరిపోతుంది. తల్లిదండ్రులు పోతే ఆస్తిలో దానంతటదే వచ్చే హక్కేమీ ఉండదు. 2000లో జువెనైల్ జస్టిస్ చట్టం వచ్చి, 2006 సవరణతో స్పష్టమయ్యాకే ఏ మతం వాళ్ళయినా పిల్లల్ని పూర్తిగా దత్తత తీసుకునే దారి తెరుచుకుంది. 2014లో సుప్రీంకోర్టు కూడా దాన్ని ఖాయం చేసింది. అప్పటికి చెల్లె పెద్దదైపోయింది. పెద్దమ్మ మళ్ళీ కోర్టు మెట్లెక్కలేదు.

ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చుంటే నాకు బైబిల్లోని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం గుర్తొచ్చింది. చిన్నప్పుడు సండేస్కూల్లో బట్టీ పట్టించిన వాక్యం. "మరల భయపడుటకు మీరు దాస్యపు ఆత్మను పొందలేదు గాని దత్తపుత్రాత్మను పొందితిరి." ఆ వెంటనే, "మనము పిల్లలమైతే వారసులము." పౌలు ఈ ఉత్తరం రాసింది రోమ్ వాళ్ళకు, దాదాపు 57లో. అప్పుడు అక్కడ సింహాసనం మీద ఉన్న నీరో దత్తుడే. క్లాడియస్ చక్రవర్తి తన సొంత కొడుకు బ్రిటానికస్ ఉండగానే నీరోను దత్తత తీసుకున్నాడు. అంతకుముందు అగస్టస్ కూడా జూలియస్ సీజర్ వీలునామాతో దత్తుడైనవాడే. అంటే ఆ ఉత్తరం విన్న రోమ్ వాళ్ళకు దత్తత అంటే జాలి కథగా తోచి ఉండదు. రాజ్యం చేతులు మారే పద్ధతి అది. ఒక బానిస ఆ సభలో కూర్చుని "నువ్వు వారసుడివి" అనే మాట విన్నాడంటే, ఆ రాత్రి నిద్రపట్టిందో లేదో.

ఇదంతా పెద్దమ్మకు చెప్పాను. మొత్తం విని, "నీరో మంచోడు కాదు గదా" అంది. ఆ తర్వాత మళ్ళీ కిటికీలోంచి చూడటంలో పడింది.

మహబూబాబాద్‌లో చెల్లె ఎక్కింది. అక్కడే స్టాఫ్ నర్సు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది, ఎక్కుతూనే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. కాగితాల కవర్ ఎప్పుడు సంచిలోకి వెళ్ళిందో నేను చూడలేదు. గుండ్రాతిమడుగు, గార్ల, ఆ తర్వాత డోర్నకల్. ఇక్కణ్ణుంచే కొత్తగూడెం బొగ్గు వైపు లైను చీలుతుంది, అందుకే చిన్న ఊరైనా జంక్షన్ హోదా.

గుడి చూసేవరకూ నేను మామూలు సీఎస్ఐ చర్చి ఒకటి ఊహించుకున్నాను. కోసు గోపురం, ఎర్ర పెంకులు, అలాంటిది. ఇది అట్లా లేదు. పైన గుమ్మటాలు, మీనార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది. కింద రాతి స్తంభాల వరస చూస్తే మన గుళ్ళ మండపం. రెండిటినీ కలిపి మధ్యలో సిలువ నిలబెట్టారు. బయటి దేశపు నమూనా తెచ్చి దింపకుండా ఇక్కడి చేతులకు అలవాటైన రాతిపని చేయించారు. స్తంభాల మీద తామరపువ్వు చెక్కి ఉంది. చెల్లె చెయ్యి పెట్టి రేకుల లోతు చూసింది. వేళ్ళకు సన్నటి ఇసుక అంటింది, ముక్కు దగ్గర పెట్టుకుని తుమ్మింది. తాళం తీసిన పెద్దాయన నవ్వాడు. స్తంభాలు పన్నెండు, శిష్యులు పన్నెండుగురు, లెక్క సరిపోయిందని చెప్పాడు.

ఈ గుడిని ప్రతిష్ఠించింది 1939 జనవరి 6న. ఆ రోజు తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ. యూదులు కాని పరాయివాళ్ళు మొదటిసారి గుమ్మంలో అడుగుపెట్టిన రోజని క్రైస్తవులు చెప్పుకుంటారు. కట్టించిన మనిషి వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలైలో 1874లో పుట్టిన తమిళుడు, పల్లెటూరి పాస్టర్ కొడుకు. 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. అప్పుడిది నిజాం రాజ్యంలో ఒక మూల. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ఆయన్ను బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి శాఖలో, మొట్టమొదటి భారతీయ బిషప్.

ఆయన గురించి నాకు అన్నిటికంటే గుర్తుండేది 1910లో ఎడిన్‌బరోలో చేసిన ప్రసంగం. ప్రపంచ మిషనరీల మహాసభ అది. హాలు నిండా దాదాపు అందరూ తెల్లవాళ్ళే. వాళ్ళ ముందు నిలబడి, మీరు బీదల కోసం ఆస్తులు ఇచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసే దేశీ పాస్టరును ఇంటికి భోజనానికి పిలవని దొరల సంగతి వాళ్ళ మొహం మీదే చెప్పాడు. సభలో చాలామందికి అది మింగుడు పడలేదు.

ఆ దొరలు చెడ్డవాళ్ళేం కాదు. కరువులో గంజి పోశారు, బడులు పెట్టారు, కలరా వస్తే పారిపోకుండా ఉన్నారు. దయకు లోటు లేదు. లోటు వాటాలో వచ్చింది. పిల్ల అంటే పెట్టింది తినే మనిషి కాదు, కంచం తనదని తెలిసిన మనిషి. గార్డియన్ కాగితానికీ తల్లికీ ఉన్న తేడా ఇంతే. ఎడిన్‌బరోలో అజరయ్య అడిగింది కూడా దాదాపు ఇదే అని నాకనిపిస్తుంది.

ఆయన సమాధి ఆ ఆవరణలోనే ఉంది. 1945 జనవరి 1న ఇక్కడే పోయాడు. అప్పటికి ఆయన డయాసిస్‌లో, అంటే బిషప్‌గా ఆయన చూసుకునే ప్రాంతంలో, క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఎక్కువమంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్ళు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులకు "నువ్వు దేవుని బిడ్డవు" అనే మాట ఎట్లా వినిపించి ఉంటుందో, అందులో పుట్టి పెరిగిన నాలాంటివాడు పూర్తిగా ఊహించలేడు. పెద్దమ్మ వాళ్ళ నాయనమ్మ చెప్పేదట: బిషప్ అయ్యగారు పల్లెకు వస్తే అందర్నీ ఎవరి తల మీద వాళ్ళు చెయ్యి పెట్టుకోమనేవాడు, బాప్తిస్మం రోజు పెట్టినట్టు. అట్లా పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందిన మనిషిని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అందరితో అనిపించేవాడు. పెద్దమ్మ సమాధి పక్కన నిలబడి చేసి చూపించింది. కొంగు సర్దుకుని, కుడిచెయ్యి నడినెత్తి మీద పెట్టుకుంది. చెల్లె ఫోటో తీయబోతే కసిరింది.

మధ్యాహ్నం స్టేషన్ దగ్గర తిన్న భోజనం గురించి ఏమీ చెప్పకపోవడమే మంచిది.

ఆదివారం, ఊళ్ళో

ఊరి పేరు అక్కర్లేదు, మహబూబాబాద్ జిల్లాలో ఇలాంటివి చాలా ఉన్నాయి. గుడి చిన్నది, రేకుల కప్పు, గోడకు ఈ ఏడు వేసిన నీలం సున్నం. కోత పండుగ కాబట్టి బల్ల ముందు నేలంతా కానుకలే. కొత్త వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, సొరకాయలు, చెరుకు గడలు, పసుపు కొమ్ములు, కాళ్ళు కట్టేసిన నాటుకోడి రెండు. ఒక మూల డబ్బాలో బియ్యం. రోజూ అన్నం వండే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టి, నెలకోసారి తెచ్చి పోస్తారు. డబ్బు చేతిలో ఆడని ఇళ్ళవాళ్ళు కూడా పాస్టరు అయ్యగారి జీతంలో పాలుపంచుకునే పద్ధతి ఇది. ఇంతకంటే తెలివైన చందా పద్ధతి నేను చూడలేదు.

అయ్యగారు కుర్రవాడు, కొత్తగా వచ్చినట్టున్నాడు. తప్పిపోయిన కుమారుడి కథ తీసుకున్నాడు. తన వాటా పట్టుకుపోయి పాడుచేసుకున్న చిన్నకొడుకు తిరిగొస్తే, తండ్రి కొవ్విన దూడను కోసి విందు చేసే కథ అది. పండుగకు ఈ కథేంటని నేను అనుకుంటుండగానే, చిన్నకొడుకును రెండు నిమిషాల్లో ఇంటికి చేర్చేసి పెద్దకొడుకు దగ్గర ఆగాడు. పొలం నుంచి వచ్చాడు, చెమట పట్టి ఉన్నాడు, ఇంట్లో పాటలు వినబడుతున్నాయి, లోపలికి రానన్నాడు. "కోత కోసింది వాడే గదమ్మా! ఆ దూడను మేపింది వాడే!" అన్నాడు అయ్యగారు. వెనక కూర్చున్న రైతులు తలలెత్తారు. తండ్రి చిన్నవాడి కోసం పరుగెత్తాడు, పెద్దవాడి కోసం గుమ్మం దాటి బయటికొచ్చి బతిమాలాడు. ఇద్దరి కోసమూ ఇల్లు విడిచి బయటికొచ్చాడు. పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో యేసు చెప్పలేదు. అయ్యగారూ చెప్పకుండా అక్కడే ఆపి కూర్చున్నాడు. కొందరు ఇంకా ఉందేమోనని చూశారు.

దేవుని పిల్లలం అని పాడుకోవడం తేలిక. పక్కవాడూ అదే తండ్రి పిల్లవాడని ఒప్పుకోవడం దగ్గరే కాలు ఆగుతుంది. ఎందుకంటే అప్పుడు వాటా పంచాలి. తెలుగు సంఘాల చరిత్రలో ఇది కథగా కాక నిజంగా జరిగింది. పెద్దమ్మ నాయనమ్మ కాలంలో ఒక పల్లెలో ఒక వాడవాళ్ళు తాగిన ప్రభు భోజనపు పాత్రను ఇంకో వాడవాళ్ళు ముట్టేవాళ్ళు కాదట. దేవుడి ముందు ఒక్కటే, పాత్ర ముందు ఇద్దరు. అజరయ్య పట్టు పట్టింది ఇలాంటిచోటే, ఒకే బల్ల, ఒకే పాత్ర అని. ఇప్పుడు పాత్ర గొడవ లేదు. కమిటీ ఎన్నికలొస్తే మాత్రం ఏ వాడ ఓట్లు ఎటు అని లెక్క వేసే పెద్దమనుషులు చాలాచోట్ల ఉన్నారు, వాళ్ళు వాక్యం కూడా బాగా చెప్తారు.

ప్రభుత్వం లెక్క ఇంకోటి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డ్ కులం కిందికి రాడు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవులైన దళితులకు వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అని వేరే గడి. గుళ్ళో దేవుని పిల్లలు, ఎమ్మార్వో ఆఫీసులో బీసీ-సీ, ఊళ్ళో మాత్రం పాత పేరే. ఈ మూడూ ఒకే మనిషి.

ప్రభు భోజన సంస్కారం అయ్యాక కానుకల వేలం మొదలైంది. నిజంగా పండుగంటే ఇదే. ఒక సంఘపెద్ద గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని "వంద!" అన్నాడు. నూటయాభై, రెండొందలు, రెండొందల యాభై. కాయ పెద్దగా ఏం లేదు, ఒక పక్క పుచ్చు కూడా ఉంది. మూడొందలకు ఒక ముసలాయన పాట పాడి గెలిచాడు. లేచి డబ్బు కట్టి, కాయ తీసుకుని, మళ్ళీ బల్ల మీదే పెట్టి కూర్చున్నాడు. "మల్లొకసారి!" అన్నాడు పెద్ద. అదే కాయ మళ్ళీ పాటకొచ్చింది. ఈసారి ఐదొందలు. చెల్లెకు ఊపొచ్చి ఆరొందలు అంది. గెలిచింది. ఆరొందల పుచ్చు గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని దిక్కులు చూస్తుంటే పెద్దమ్మ కళ్ళు తుడుచుకునేలా నవ్వింది. నాటుకోళ్ళు ఎవరికి పోయాయో ఆ గోలలో చూడలేదు.

సాయంత్రం మామిడి చెట్టు కింద కూర్చుంటే పెద్దమ్మ అంది, "అయ్యగారు మంచిగనే చెప్పిండు గని, పెద్దోని బాధ ఇంకొంచెం చెప్పాల్సింది. వానికి కావాల్సింది ఒక మేకపిల్ల. దోస్తులతోని తినడానికి." నిజమే, లూకా సువార్తలో ఉంది. అంత ఆస్తి ఉన్న ఇంట్లో ఒక్క మేకపిల్ల అడగడానికి కూడా భయపడి, ఏళ్ళ తరబడి పనివాడిలా బతికాడు. తండ్రి "నావన్నియు నీవి" అంటే గాని వాడికి తెలియలేదు. వాడూ ఒకరకంగా గార్డియన్ కాగితం మీద బతికినవాడే. చెల్లె గుమ్మడికాయ కోస్తూ, "వాడు అడగొచ్చు గదా మరి, నోరు లేదా?" అంది. నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకు మొహమాటాలు తక్కువ.

సోమవారం, హనుమకొండ

పొద్దున బండిలో కాజీపేట, అక్కణ్ణుంచి హనుమకొండ. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు వరసగా ఉండే డాక్యుమెంట్ రైటర్ల దుకాణాల్లో ఒకటి. గోడకు అన్ని దేవుళ్ళ క్యాలెండర్లూ ఉన్నాయి, మధ్యలో ప్రింటర్. ఆయన పత్రాలన్నీ తిరగేసి, కంప్యూటర్లో టైపు చేసుకుంటూ, "ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ సంబంధం?" అని అడిగాడు.

"బిడ్డ" అంది పెద్దమ్మ.

ఆయన కోర్టు కాగితం మళ్ళీ చదివాడు. మర్యాదగానే చెప్పాడు: "అమ్మా, దీంట్ల గార్డియన్ అనే ఉన్నది. రక్త సంబంధీకులకైతే గిఫ్ట్ మీద స్టాంపు డ్యూటీ తక్కువ. ఇది చూపిస్తే లోపల ఒప్పుకోరు. బయటి మనిషికి ఇచ్చినట్టే పడుతది." ఎంత తేడా వస్తుందో కాలిక్యులేటర్ మీద కొట్టి చూపించాడు. చిన్న మొత్తమేం కాదు. చెల్లె వెంటనే, "అమ్మా, వద్దు. వీలునామా రాస్తే సరిపోతది" అంది. నేనూ అదే మంచిదన్నాను. తక్కువ ఖర్చు, అవసరమైతే మార్చుకోవచ్చు కూడా.

"నేను పోయినంక చదివే కాగితం నాకొద్దు" అంది పెద్దమ్మ. పర్సు జిప్పు తీసింది. "బయటి లెక్కనే కడత. కాగితం మీద మాత్రం కూతురని రాయి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. డ్యూటీ బయటివాళ్ళది కడుతూ సంబంధం కూతురని రాస్తే లోపల అడుగుతారన్నాడు. "పెంపుడు కూతురు అని పెడదామమ్మా, మధ్యేమార్గం." పెద్దమ్మ ఒప్పుకోలేదు. "నా ప్రేమాభిమానములకు పాత్రురాలైన" అనే వాక్యం వేద్దామన్నాడు. ఉంచు, దాని ముందర కూతురు అని కూడా ఉంచు అంది. బేరం టీ తెప్పించుకునేదాకా వచ్చింది. చెల్లె సిగ్గుతో బయటికి పోయి నిలబడింది, మధ్యలో రెండుసార్లు తొంగి చూసింది. చివరికి ఆయన "కూతురు" అని కొట్టి, స్క్రీన్ మా వైపు తిప్పి చూపించాడు. పెద్దమ్మ దగ్గరగా వంగి చదువుకుని, ఇంటి నంబర్లో ఒక అంకె తప్పుందని పట్టుకుంది.

స్లాట్ గురువారానికి దొరికింది. నాకు సెలవు లేదు, సాక్షి సంతకానికి పక్కింటాయన్ని తీసుకుపొమ్మని చెప్పి హైదరాబాద్ బస్సెక్కాను.